కారుకూ ఒక బియ్యం కార్డు

ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు ఒక నిబంధన ఉంది. ఇంట్లో నాలుగు చక్రాల వాహనం ఉంటే కార్డు రాదు. టాక్సీలకు, ట్రాక్టర్లకు మాత్రం మినహాయింపు. కారు కొనగలిగినవాడు బియ్యం కొనుక్కోలేడా అన్నది దీని వెనుక ఉన్న తర్కం. దాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా ఒక్కటే. యజమాని సంగతి తేల్చారు సరే, కారు సంగతి ఏమిటి? అదీ ఇప్పుడు అన్నమే తింటోంది. యజమాని ఉన్నవాడన్న సాకుతో దాని నోటికాడి ముద్దను లెక్కల్లో రాయకపోవడం అన్యాయం. అందుకే ప్రతి వాహనానికీ దాని పేరిటే ఒక బియ్యం కార్డు ఇవ్వాలని ప్రభుత్వానికి సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్, అంటే పంటల నుంచి తీసే ఒక రకం ఆల్కహాలు, కలపడానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని 2022లో ముందుకు జరిపి 2025-26 చేశారు. ఆ గడువు కంటే ముందే, 2025లోనే లక్ష్యం చేరుకున్నారు. వంతెనలకూ కాలువలకూ కలగని ఈ యోగం బంకులో గొట్టానికి కలగడం చూసి మొదట నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. ఇథనాల్ చెరకు నుంచి వస్తుంది, మొక్కజొన్న నుంచి వస్తుంది, నూకల నుంచి వస్తుంది. భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యం నుంచి కూడా వస్తుంది. 2024-25 సంవత్సరానికి ఆ గోదాముల నుంచి డిస్టిలరీలకు, అంటే ఇథనాల్ తయారుచేసే కర్మాగారాలకు, కేటాయించినది 52 లక్షల టన్నులు.

టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ దిగుతుంది. అంటే లీటరుకు రెండు కిలోల రెండు వందల గ్రాములు. నలభై లీటర్ల ట్యాంకు ఉన్న కారు నిండా ఈ20, అంటే ఈ ఇరవై శాతం కలిపిన పెట్రోలు, పోయిస్తే అందులో ఇథనాల్ ఎనిమిది లీటర్లు. అదంతా బియ్యంతోనే చేశారనుకుంటే పదిహేడు, పద్దెనిమిది కిలోలు. తెలంగాణలో రేషను మనిషికి నెలకు ఆరు కిలోలు. ముగ్గురు మనుషులు నెలంతా తినేది ఒక కారు ఒక్క విడతలో లాగించి, ఔటర్ రింగు రోడ్డు మీద రెండు రోజుల్లో అరిగించుకుంటుంది. అయిదు లీటర్ల స్కూటరు పాపం మితాహారి. రెండు కిలోల పైచిలుకుతో సరిపెట్టుకుంటుంది.

కార్డు ఎలా ఉండాలో కూడా ఆలోచించి పెట్టాను. కుటుంబ పెద్ద స్థానంలో రిజిస్ట్రేషన్ నంబరు వేస్తే చాలు. రేషను షాపులో ఉండే ఈ-పోస్ యంత్రం మీద వేలిముద్రకు బదులు టైరు ముద్ర. టైరు అరిగిపోయి ముద్ర పడకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు కొత్తగా జవాబు వెతకనక్కర్లేదు. కాయకష్టం చేసి వేళ్ళ గీతలు చెరిగిపోయిన ముసలివాళ్ళకు డీలరు ఇన్నేళ్ళుగా చెబుతున్న జవాబే ఉంది కదా, రేపు రమ్మనడం.

ధర విషయంలో వాహనాలకు అన్యాయం జరగలేదని ఒప్పుకోవాలి. 2025లో డిస్టిలరీలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చారు. ధాన్యం కొని, మరపట్టించి, నిల్వ చేసి, మోసుకెళ్ళేసరికి ఆహార సంస్థకు కిలోకు అయ్యే ఖర్చు దాదాపు 40 రూపాయలు. ఇచ్చింది ఇరవై రెండున్నరకు. తేడా ఎవరి జేబులోంచి వచ్చిందో ఆ జేబులవాళ్ళకు తెలియదు. పెట్రోలు బంకులో బిల్లు ఇస్తారు గానీ అందులో ఈ వరుస ఉండదు.

మనుషులు అడిగినప్పుడు కథ కొంచెం వేరు. 2023 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం పేదలకు ఉచిత బియ్యమిచ్చే అన్నభాగ్య పథకానికి అదనపు బియ్యం కావాలని, కిలో 34 రూపాయలకు కొంటామని ఆహార సంస్థ గుమ్మం ముందు నిలబడింది. రాష్ట్రాలకు బహిరంగ విక్రయం నిలిపివేశామని జవాబు వచ్చింది. ధరలు అదుపులో ఉంచాలి, నిల్వలు కాపాడాలి అన్నారు. ఆ రోజుల్లోనే డిస్టిలరీలకు కిలో 20 రూపాయలకు అందుతోంది. చివరికి కర్ణాటక బియ్యానికి బదులు మనిషికి 170 రూపాయల నగదు వేసింది. జూలైలో డిస్టిలరీలకూ తలుపు మూశారు, కాదనను. కాకపోతే 2024 ఆగస్టులో మళ్ళీ తీశారు. యంత్రానికి ఆకలి వేస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది.

అదే 2024 నవంబరులో కాకినాడ రేవులో రేషన్ బియ్యం ఎక్కించుకున్న ఓడ కోసం ఎంత హడావుడి జరిగిందో అందరూ టీవీల్లో చూశారు. రేషన్ బియ్యం ఆటోలో దొరికితే నిత్యావసర సరకుల చట్టం కింద 6ఏ కేసు, ఓడలో దొరికితే జాతీయ వార్త, డిస్టిలరీకి వెళ్ళే లారీలో ఉంటే హరిత ఇంధనం. అక్రమ రవాణాదారులకు ఉచిత సలహా: బస్తాల మీద ఆకు బొమ్మ ముద్రించుకోండి.

ఇంతా తిని బండి బలంగా నడుస్తుందా అంటే, అదీ లేదు. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ. ఇది ఎవరో గిట్టనివాళ్ళు కనిపెట్టిన సంగతి కాదు. పాత ప్రమాణాల కార్లకు ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. అందుకు పరిహారంగా ఈ ఇంధనాన్ని మామూలు పెట్రోలు కన్నా తక్కువకు అమ్మాలన్న సూచన కూడా అందులోనే ఉంది. 2025 ఆగస్టులో వాహనదారులు ఆ సంగతి గుర్తు చేస్తే పెట్రోలియం శాఖ ఓపికగా వివరించింది. ఆ నివేదిక నాటికి ఇథనాల్ చవక, ఇప్పుడు సగటున లీటరు 71 రూపాయలు దాటి శుద్ధిచేసిన పెట్రోలు కన్నా ఖరీదైందట. చవకగా ఉన్నప్పుడు తగ్గించాలని తోచలేదు, ఖరీదైంది కనుక ఇప్పుడు కుదరదు. ఇష్టం లేనివాడు మామూలు పెట్రోలు పోయించుకోవచ్చు కదా అంటారేమో. మామూలు బంకులో అది దొరకదు. హోటల్లో అయినా ఇడ్లీ వద్దంటే దోసె ఇస్తారు.

ఇక కోడి. దానికి ఈ విధానం గురించి ఎవరూ చెప్పలేదు. మొక్కజొన్న దాని ప్రధానమైన మేత. ఇథనాల్‌కు మొక్కజొన్న మళ్ళేసరికి, నిన్నటిదాకా ఆ గింజను ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకుంది. ముడిచమురు దిగుమతి తగ్గించే యజ్ఞంలో కోడి మేత దిగుమతి ఒక చిన్న ఆహుతి. మేత ధర పెరిగిందని కోళ్ళ రైతులు గగ్గోలు పెట్టారు. అప్పుడు వారికి ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పిని చూపించారు. చవక కదా, కొన్నారు. దాంతో అప్పటిదాకా మేతలో కలుపుతున్న సోయా చెక్కకు గిరాకీ పడిపోయింది. సోయా రైతుకు మద్దతు ధర దక్కలేదు. ఆదిలాబాద్‌లో సోయా వేసిన రైతు తన పంట ధరకూ ఎవరి కారు ట్యాంకుకో ఉన్న సంబంధం కనిపెట్టాలంటే ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు చేయాలి.

తెలివైన రైతులు 2025 ఖరీఫ్‌లో సోయా తగ్గించి మొక్కజొన్న పెంచారు. ఇథనాల్ ఉండగా మొక్కజొన్నకు ఢోకా లేదని అందరూ చెప్పారు మరి. పంట చేతికొచ్చేసరికి డిస్టిలరీలకు బియ్యం సమృద్ధిగా అందుతోంది. మద్దతు ధర 2,400 రూపాయలైతే మార్కెట్లో పలికింది అంతకంటే చాలా తక్కువ. సోయా తగ్గినందువల్ల వంటనూనె లోటు పెరిగితే బెంగ లేదు. వంటనూనె దిగుమతుల్లో మనం ఎప్పటినుంచో ప్రపంచంలో అగ్రగాములం. ఇంజనులో నూనె తగ్గించి బాణలిలో నూనె పెంచుకుంటే లెక్క సరిపోతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన అధ్యాయం కర్మాగారాలది. డిస్టిలరీ అంటే కాలుష్య మండలి పుస్తకంలో ఎరుపు జాబితా, అంటే అత్యధిక కాలుష్యం చేసే పరిశ్రమల వరుస. కానీ అది పెట్రోలులో కలపడానికే ఇథనాల్ చేస్తానంటే, 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన సడలింపు ప్రకారం ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ జరపనక్కర్లేదు. పర్యావరణాన్ని కాపాడటానికి వస్తున్నవాణ్ణి పట్టుకుని పర్యావరణం గురించి అడగడం మర్యాద కాదు కదా. చక్కెర నుంచి లీటరు ఇథనాల్ చేయడానికి, చెరకు సాగుతో కలుపుకొని, 2,860 లీటర్ల నీరు కావాలని చెప్పిందీ నీతి ఆయోగే. ధాన్యంతో చేసేదానికీ బోర్లు కావాలి, వ్యర్థజలం పోవడానికి చోటు కావాలి.

అడగని అభిప్రాయాన్ని జనం రోడ్డు మీదికి వచ్చి చెప్పారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జాతీయ రహదారిని దిగ్బంధించి, ఆర్డీవో కారును గంటల తరబడి కదలనివ్వలేదు. పనులు ఆపమని ప్రభుత్వం ఆదేశించాక గానీ దారి ఇవ్వలేదు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో గొడవ, కేసులు, అరెస్టులు. మండల కార్యాలయంలో షామియానా కింద నాలుగు కుర్చీలు వేసి, ఒక పూట వాళ్ళు చెప్పింది వింటే ఇంత ఖర్చు అయ్యేది కాదు. కానీ షామియానాకు పద్దు లేదు, పోలీసు బందోబస్తుకు ఉంది.

ఇథనాల్ వల్ల 2014 నుంచి 1.4 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వ లెక్క. నమ్ముతున్నాను. చెరకు రైతుల బకాయిలు తీరడానికి ఇది ఉపయోగపడిందన్నదీ నిజమే. మిగిలిన సొమ్ము పద్దు ఒక పుస్తకంలో ఉంది. కోడి మేత, సోయా ధర, బియ్యం రాయితీ, తగ్గిన మైలేజీ, దిలావర్‌పూర్ బోర్లు మాత్రం ఒక్కోటి ఒక్కో శాఖ పుస్తకంలో ఉన్నాయి. అన్నీ ఒకచోట పెట్టి కూడమని అడిగితే పర్యావరణ ద్రోహి అంటారు. నాకా బిరుదు వద్దు. నేను అడిగింది కార్డు మాత్రమే.

ఇరవై దాటి ఇరవై ఏడు శాతానికి వెళ్ళే ఆలోచన కూడా ఉందంటున్నారు. కాబట్టి దరఖాస్తులు త్వరగా స్వీకరించాలని మనవి. నలభై లీటర్ల ట్యాంకుకు అప్పుడు ఇరవై మూడు, ఇరవై నాలుగు కిలోలు పడుతుంది. సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా అన్నది బండి మోడల్ చూసి నిర్ణయించవచ్చు.