కుడి చక్రం బేరింగు గారి సముఖమునకు

మహారాజశ్రీ 30206 నంబరు బేరింగు గారికి,

నెల్లూరు నుంచి తమ క్యాంపింగు ట్రైలరు, అంటే వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు, దాని యజమాని నమస్కరించి రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు ప్రస్తుతం మా వరండాలో పాత పేపరు మీద ముక్కలై ఉన్నారు, నేను నడుముకు బామ్ రాయించుకుని కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాను. కుశలం సంగతి ఇద్దరం పక్కన పెడదాం.

మొన్న ఆదివారం సంగం ఊరు దాటాక తమరు మాకు ఇప్పించిన విశ్రాంతికి ముందుగా ధన్యవాదాలు. సోమశిలలో నీళ్లు కనపడే చోట గుడారం విప్పి, మా ఆవిడ రాత్రే చేసిపెట్టిన చేపల పులుసు వేడి చేసుకుని, పిల్లలకు పెన్నలో సూర్యాస్తమయం చూపిద్దామని మబ్బుతో లేచిన కుటుంబం మాది. తమరి దయవల్ల రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఐదున్నర గంటలు లారీలు చూశాం. ఇసక లారీ మోతకీ కంకర లారీ మోతకీ తేడా మా చిన్నది ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్తుంది. చదువంటే అదే కదా.

తమరి పొగను ముందు చూసింది నేను కాదు. వెనకాల వస్తున్న ఆటో అతను పక్కకొచ్చి, "అన్నా, నీ ట్రక్కు చక్రం కాల్తా ఉండాది!" అని కేకేసి ఆగకుండా పోయాడు. ట్రక్కు అన్నందుకు నాకు ముందు కోపమొచ్చింది. కాలుతోందన్న సంగతి ఆ తర్వాత బుర్రకెక్కింది.

ట్రక్కు కాదు సామీ అది. పద్నాలుగు నెలలు పట్టి, 3 లక్షల 80 వేలు పోసి కట్టించుకున్నది. ట్రాక్టరు వెనక వడ్లు తోలే ట్రక్కుకీ దానికీ ఉన్న పోలికల్లా రెండు చక్రాలు, ఒక కొక్కెం. వెనక తలుపు ఎత్తితే వంటగది, పక్క తలుపు తీస్తే పరుపు, పైన గుడారం, కింద గుంతల్లో తగలకుండా ఎత్తు పెంచిన కమాను కట్టలు. ఇన్ని ఉన్నా, బయట ఆపిన ప్రతిచోటా అడిగేది ఒకే ప్రశ్న. ఆ చింతచెట్టు కింద కూడా వంటగది తలుపు ఎత్తీ ఎత్తకముందే ఒక మోటారుసైకిలు ఆగింది. ఇద్దరు దిగారు. "అన్నా, కారం దోసె ఎంత?" లేదబ్బా, ఇది టిఫిను బండి కాదు అన్నాను. "పోనీ ఉప్మా?" అన్నాడు రెండోవాడు. మూడో బండి ఆగేసరికి మా మామ, "కూర్చోమనండి అల్లుడూ, పులుసు అమ్మేస్తే బేరింగు డబ్బులన్నా వస్తాయి" అన్నాడు. అదీ మా పరువు.

ట్రైలరులో మిగతా వాళ్ల మీద నాకు ఫిర్యాదులు లేక కాదు. తుప్పు పట్టదని జీఐ పైపు కొంటే, వెల్డింగు పెట్టిన చోటల్లా పైన పూసిన జింకు కాలిపోతుందని, అక్కడ వెంటనే మళ్లీ జింకు పెయింటు కొట్టాలని చెప్పినవాడు లేడు. మన ఉప్పుగాలికి అతుకతుక్కీ కనకాంబరాలు పూశాయి. నీళ్ల ట్యాంకు ఇరుసుకు వెనక పెట్టాం. 80 లీటర్లు నింపితే ముందు కొక్కెం తేలిపోయి, స్పీడు 60 దాటగానే బండి బురదమట్టలాగా తోక ఆడించింది. మొత్తం బరువులో పదోవంతైనా కొక్కెం మీద పడాలట. ట్యాంకు ముందుకు జరపడానికి పరుపు కోశాం. ఎవరి వైపు కోశామో చెప్పక్కర్లేదు, నేనిప్పుడు కాళ్లు ముడుచుకుని పడుకుంటాను. ఇక కాగితాల కోసం పోయిన ఆఫీసులో, మోటారు బండి లాగేది ఏదైనా ట్రైలరేనని 1988 నాటి చట్టంలోనే ఉంది కదండీ అంటే, "అది సరే, ట్రాక్టరేదీ?" అన్నారు. వీటన్నిటినీ క్షమించాను. ఫ్రిజ్జును కూడా క్షమించాను, అది రాత్రికి రాత్రే బ్యాటరీ తాగేసి పొద్దున్నే పాలు విరగ్గొట్టేది.

తమరిని మాత్రం క్షమించలేకపోతున్నాను.

ఎందుకంటే, అయ్యా, తమరు అరచేతిలో పడతారు. అడ్డంగా కొలిస్తే 62 మిల్లీమీటర్లు. మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తమకన్నా పెద్దది. అంత ప్రాణి, అంత బండిని, అందులో ఉన్న ఆరుగురిని, ఒక గిన్నెడు కొరమీను పులుసుని, నడిరోడ్డున నిలబెట్టారు. అదీ ఐదు నెలల్లో మూడోసారి. ఒంగోలు గిత్తలు ఓడెక్కి బ్రెజిలు దాకా పోయాయి, అక్కడివాళ్లు ఆ జాతికి నెల్లూరు పేరే పెట్టుకున్నారు. ఈ నేలలో పుట్టిన పశువు సముద్రాలు దాటిందండీ. తమరు సంగం దాటి నాలుగు కిలోమీటర్లు రాలేకపోయారు.

రెండోసారి తమరిని మార్చినప్పుడు మెకానిక్కు నా చేతిలో చెయ్యేసి, "మూడేళ్లు ఇటు చూడబాక అన్నా" అన్నాడు. ఆ మూడేళ్లు సంక్రాంతికి మొదలై శివరాత్రికి అయిపోయాయి.

ఆదివారం నాటి మిగతా కథ తమరికి తెలియదు, అప్పటికే తమరు స్పృహలో లేరు. జాకీ పెట్టి, ఎడమ చక్రానికి ముందూ వెనకా రాళ్లు వేసి, కుడి చక్రం ఊడదీసి, హబ్బు, అదే చక్రం బొడ్డు, లాగితే రాదు. సుత్తితో కొడితే వచ్చింది, సగం. తమరి బయటి రింగు హబ్బులోనే ఉండిపోయింది, లోపలి రింగు ఇరుసుని కరుచుకుని కూర్చుంది, మధ్యలో ఉండాల్సిన గుండ్లు నా ఒళ్లో రాలాయి. ఒక్కొక్కటీ ముదిరిన వంకాయ రంగు. ఇనుము ఆ రంగుకి రావాలంటే ఎంత ఉడకాలో! గ్రీజు గ్రీజులా లేదు, అడుగంటిన పాకంలా నల్లగా, పెచ్చులుగా ఉంది. ఆ వాసన ఇంకా నా చొక్కాను వదల్లేదు, మా ఆవిడ దాన్ని మిగతా బట్టలతో కలిపి నాననివ్వడం లేదు.

మా బామ్మర్ది పాపం ఎవరిదో మోటారుసైకిలు అడుక్కుని బుచ్చిరెడ్డిపాళేనికి పోయాడు. ఆదివారం. స్పేరుపార్టుల షాపులన్నీ మూత. ఎక్కడో ఒకాయన ఇంటికి పోయి, అన్నం తింటున్న మనిషిని లేపి, షట్టరు సగం ఎత్తించి, నాకు ఫోను చేశాడు. "బావా, నంబరెంత?" తమరి పేరు రింగు అంచున చెక్కి ఉంటుంది, కానీ ఆ అంచు కాలిపోయింది. మూడు, సున్నా, రెండు, సున్నా వరకూ కనపడింది. చివరిది ఐదో ఆరో. నేను ఐదు అన్నాను.

ముప్పావుగంటకు 30205 వచ్చింది. ఇరుసుకు తొడగబోతే మొదట్లోనే ఆగిపోయింది. అప్పుడు, ఆ చెట్టు కింద, గ్రీజు చేతులతో ఫోను పట్టుకుని తెలుసుకున్నాను: తమరి పేరులో చివరి రెండంకెల్ని 5 పెట్టి గుణిస్తే లోపలి బెజ్జం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుందట. 05 అయితే 25. 06 అయితే 30. నా ఇరుసు 30. ఎక్కాలు రాని పిల్లాడికి కూడా తెలిసే లెక్క, టేపు పెట్టి కొలిచినా తేలే లెక్క. నేను ఐదు అన్నాను.

బామ్మర్ది ఏమీ అనలేదు. హెల్మెట్టు పెట్టుకుని మళ్లీ పోయాడు. ఆ అనకపోవడం ఉంది చూశారూ, అది వచ్చే సంక్రాంతి దాకా ఉంటుంది.

అసలు ఏం తక్కువ చేశాన్రా నీకు? మంచి కంపెనీ సరుకే కొన్నాను కదా. లిథియం గ్రీజు డబ్బా తెచ్చాను కదా, దాని ధరతో ఇంటికి నెల రోజుల కాఫీపొడి వచ్చేది. కొత్త ఆయిల్ సీలు వేయించాను. సంగందాకా ఉలుకూ పలుకూ లేకుండా వచ్చావు, కాస్త కీచుమన్నా ఆపేవాణ్ణి. పొద్దున టీకి ఆగినప్పుడు అయినా చెప్పకూడదా? నోరులేని ఎద్దు కూడా మెడ నొప్పెడితే కాడి దింపమని కూలబడుతుంది. నువ్వు లోపల్లోపల కాలి, కాలి, పిల్లలున్న బండిని... ఆ చక్రం ఊడి ఎదురుగా వస్తున్న బస్సు కిందికి పోయుంటే ఎవడు సమాధానం చెప్పేది? నీ మూతికి గ్రీజు రాసిన పాపానికి నాకు ఇదా?

క్షమించాలి. తమరు అనే మొదలుపెట్టాను, తమరు అనే కొనసాగిస్తాను.

పులుసన్నం తిని చెయ్యి కడుక్కుని మా మామ లేచాడు. డెబ్బై నాలుగేళ్లాయనకు. ఈ ట్రైలరును ఆయన ఎప్పుడూ ట్రైలరు అనలేదు, బండి అంటాడు. బాగున్న ఎడమ చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపాడు. రవ్వంత ఆడింది. "చూశారా, దీనికి రవ్వంత ఆట ఉంది, అందుకే బతికుంది. ఆ పక్కది ఎవరు బిగించారు?"

నేను ఆకాశం వైపు చూశాను.

ఇప్పుడు చెప్పక తప్పదు. సంక్రాంతి తర్వాత ఒకరోజు నేను కూడా అట్లాగే కుడి చక్రం పట్టి ఊపాను. ఆడింది. మెకానిక్కు వదులుగా వదిలేశాడురా వీడు అనుకున్నాను. మూత తీసి, పిన్ను లాగి, పానాకు రెండడుగుల పైపు తొడిగి, నట్టును నా బలమంతా పెట్టి బిగించాను. ఆట పోయింది. ఎంత గట్టిగా నిలబడిందో అని మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. తమవంటి ఏటవాలు గుండ్ల బేరింగులను చక్రం తిప్పుతూ బిగించి, కుదురుకున్నాక వదులు చేసి, మళ్లీ వేళ్లతో బిగిసినంతే బిగించి పిన్ను వేయాలట. ఆ రవ్వంత ఆటలోనే తమరు ఊపిరి తీసుకుంటారట. నేను తమరి గొంతు మీద కాలు వేసి నిలబడి, ఎందుకు మాట్లాడలేదని అడుగుతున్నాను.

తమరి కన్నా ముందు పోయిన ఇద్దరి సంగతి కూడా చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మొదటాయన మైపాడులో పోయాడు. నలభై నిమిషాలు పరుగెత్తి వేడెక్కిన హబ్బును అట్లాగే వెనక్కి తోలి సముద్రంలో మోకాటి లోతుకు దించాను. ఫోటో కోసం. వేడి హబ్బు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి సీలు సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. ఉప్పునీళ్లు. నెల తర్వాత విప్పితే గ్రీజు మజ్జిగలాగా ఉంది. ఫోటో మాత్రం బాగా వచ్చింది, ఫోనులో అందరూ లైకులు కొట్టారు కూడా. రెండో ఆయన ఉదయగిరి వైపు వాగు దాటుతూ పోయాడు, పాత సీలే వేసి "బాగానే ఉందిలే అన్నా" అన్న చేతుల పుణ్యాన. అది నా తప్పు కాదు. ఆ ఒక్కటీ నాది కాదు.

మామ కథలు చెప్పాడు, చెప్పకుండా ఉంటాడా. పెంచలకోన తిరునాళ్లకు బండి కట్టేముందు, ఎద్దులకు కుడితి పెట్టకముందే ఇరుసుకు ఆముదం కందెన పెట్టేవాళ్లట. దోవలో ఆగిన ప్రతిచోటా చక్రం బొడ్డు మీద అరచెయ్యి వేసి చూసేవాళ్లట. "చెయ్యి ఆన్తే నడువు, ఆనకపోతే ఆగు. అంతే కదా అల్లుడూ, దీనికి ఫోనెందుకు?" ఇరుసుకు కందెన లేకపోతే దేవుడి బండైనా కదలదని మూడో తరగతిలోనే బట్టీ పట్టినవాణ్ణి నేను. మార్కులు కూడా వచ్చాయి.

చీకటి పడేవేళకు కొత్తాయన ఎక్కాడు. తమరి లోపలి రింగును ఉలి పెట్టి కొట్టి ఊడదీయడానికి సంగం నుంచి ఒక ట్రాక్టరు మెకానిక్కు వచ్చాడు. పని అయ్యాక డబ్బులు తీసుకోకుండా కాస్త పులుసు వేయించుకుని తిన్నాడు. టిఫిను బండి అనుకోలేదు, అడిగి తెలుసుకుని, "బో ఉండాదన్నా" అన్నాడు. పులుసునో ట్రైలరునో తెలియలేదు. నేను ట్రైలరే అనుకుంటున్నాను.

సోమశిల పోలేదు. పది కిలోమీటర్లకోసారి ఆగుతూ ఇంటికే వచ్చాం. ఆగిన ప్రతిచోటా దిగి హబ్బు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, జ్వరం తగ్గిన పిల్లాడి నుదురులాగా. పిల్లలు లోపల పరుపు మీద నిద్రపోయారు, నా కోసేసిన వైపు కూడా కలుపుకుని. మామ మాత్రం దిగిన ప్రతిసారీ నాతోపాటు దిగి, నేను చెయ్యి తీశాక ఆయన కూడా పెట్టి చూశాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
పైపు తొడిగినవాడు

నకలు: ఎడమ చక్రం బేరింగుకు, సమాచారం నిమిత్తం.

తా.క. ఒరేయ్ ఎడమోడా, నిన్న సాయంత్రం నడుం పట్టుకునే వంగి నీ మూత కూడా తీసి చూశాను. తెల్లగా మజ్జిగ. మైపాడు మజ్జిగే. ఐదు నెలలు ఎట్టా తిరిగావురా?