రెండు మిల్లీమీటర్ల మహాసంగ్రామం

అమెరికాలో తెలుగువారు కులాల వారీగా, పార్టీల వారీగా, హీరోల వారీగా చీలిపోయారని కుమిలిపోయే పెద్దలకు ఒక శుభవార్త. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఆ చీలికలన్నిటినీ మరిపించే కొత్త చీలిక వచ్చింది. ఒకే ఊరివాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే హీరో కటౌట్‌కు పాలు పోసినవాళ్లు కూడా ఇక్కడ ఒకరింటికొకరు భోజనానికి వెళ్లడం మానేశారు. జింక వేటకూ గురి సాధనకూ కలిపి ఒకే రివాల్వర్ కొనాలంటే .357 మాగ్నమ్ కొనాలా, .44 మాగ్నమ్ కొనాలా? (ఈ అంకె గుండు లావును ఇంచుమించు అంగుళాల్లో చెబుతుంది, దాన్నే క్యాలిబర్ అంటారు; మాగ్నమ్ అంటే బలం ఎక్కువైన రకం.) అదీ తగాదా. ఈ తగాదా ఎప్పటికీ తేలకూడదని నా అభిప్రాయం. తేలితే నష్టపోయేది ఎవరో చివర్లో మనవి చేస్తాను.

తెలుగువాడికి జింకతో పనేమిటని మీరు అడగవచ్చు. పని కల్పించింది సాక్షాత్తూ అమెరికా చట్టమే. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. అయితే చట్టం కరుణామయి. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. అంటే, "అయ్యా, ఇంట్లో చంటిపిల్లలున్నారు, రక్షణకు ఒక తుపాకి కావాలి" అని ఇంజనీరు వేడుకుంటే కుదరదు. "అయ్యా, నేను జింకను చంపదలచుకున్నాను" అంటే, చిత్తం, ఇదిగో తుపాకి కొనేవారి 4473 ఫారం, నింపండి. ఆ విధంగా, జంతుప్రదర్శనశాలలో తప్ప జింకను చూడని జావా ప్రోగ్రామరు ఒక్క మధ్యాహ్నంలో వేటగాడైపోతాడు. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారు టెక్సాస్‌లో వేటకు వెళ్లాలంటే భద్రతా పాఠాలు చదివి పరీక్ష రాయాలి. ఎంసెట్ కోసం రెండేళ్లు హాస్టల్లో మగ్గినవాడికి ఇదొక పరీక్షా? మనవాళ్లు దీనికి కూడా పాత ప్రశ్నపత్రాలు సేకరించారు.

సొంత దేశంలో ఈ బాధ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకను కాపాడుతోంది, ఆయుధాల చట్టం మనిషిని ఎంపిక కష్టం నుంచి కాపాడుతోంది. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, పోలీసు విచారణ ముగిసి, దైవకృప ఉండి లైసెన్సు వస్తే, కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం చేసే .32 రివాల్వర్ ఉంటుంది. ఇష్టముంటే కొనాలి, లేకపోతే మానాలి. క్యాలిబర్ గురించి ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. స్వేచ్ఛ లేని చోట ఇంత మనశ్శాంతి ఉంటుందని డల్లాస్ విమానాశ్రయంలో దిగేదాకా మనకు తెలియదు.

ఇక వర్గాల వంశ చరిత్రకు వద్దాం. .357 మాగ్నమ్ 1935 నాటిది. అప్పట్లో దొంగలు కార్లలో పారిపోతున్నారు, పోలీసుల .38 స్పెషల్ తూటాలు కారు తలుపు దగ్గరే ఆగిపోతున్నాయి. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ .38 ఇత్తడి కేసునే (మందు నింపే గొట్టాన్నే) అంగుళంలో ఎనిమిదో వంతు పొడిగించి, లోపలి ఒత్తిడిని బాగా పెంచి కొత్త తూటా చేసింది. కారు తలుపు కోసం పుట్టిన తూటా జింకకు సరిపోతుందా అన్న తాత్త్విక ప్రశ్నకు బీజం అక్కడ పడింది. సరిపోదన్నవారిలో అగ్రగణ్యుడు ఎల్మర్ కీత్. ఐడహోలో పశువులు కాసిన మనిషి, తుపాకుల మీద వ్యాసాలు రాసిన మనిషి, తల మీద పెద్ద టోపీ. ఆయన .44 స్పెషల్ అనే పాత, మెత్తని తూటా కేసుల్లో మందు దట్టించి, ఇంకా దట్టించి, ఇలాంటిదే చేసి అమ్మండని కంపెనీల వెంట ఏళ్ల తరబడి పడ్డాడు. 1950ల నడుమ .44 మాగ్నమ్ వచ్చింది. 1971లో హాలీవుడ్ పోలీసు ఒకడు దాన్ని తెర మీద ఎత్తి పట్టుకోగానే దుకాణాల్లో సరుకు దొరకలేదు. హీరో చేతిలోని వస్తువు కోసం ఎగబడటం మన జాతికే ప్రత్యేకమనుకున్న నాకు అది కొంత ఊరట.

రెండు వర్గాల మధ్య వాస్తవ దూరం ఎంత? .44 పేరుకే .44, గుండు వ్యాసం .429 అంగుళాలు. .357 మాత్రం పేరులో ఉన్నంత లావూ ఉంటుంది. తీసివేస్తే .072 అంగుళాలు, అంటే రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. బరువు చూస్తే, .357లో మామూలుగా వాడే గుండు పది గ్రాములు, .44లో పదిహేనున్నర. వేగాలు ఇంచుమించు ఒకటే. దీని మీద తోడల్లుళ్లు విడిపోయారు.

రాజీ ప్రయత్నాలు జరగలేదని కాదు. 1964లో నడిమి మార్గంగా .41 మాగ్నమ్ తెచ్చారు. పోలీసులకు అది బరువైంది, వేటగాళ్లకు చాలీచాలనిదైంది. రెంటికీ చెడ్డ రేవడి. నేటికీ దాన్ని పట్టుకుని తిరిగేవారు అక్కడక్కడా ఉన్నారు. కవులలాగా తక్కువ మాట్లాడతారు, ఎక్కువ బాధపడతారు, వాళ్ల తూటాలు ఏ దుకాణంలోనూ దొరకవు. మరోవైపు 2003లో .500 వచ్చింది. పొడుగు బ్యారెల్ రకం రెండు కిలోలు తూగుతుంది, పట్టేవి అయిదే తూటాలు. జింకను కాల్చనక్కరలేదు, చెట్టెక్కి మీద పడేసినా పని జరుగుతుంది.

ఈ విషయంలో ప్రభుత్వాల సాయం అపారం. రివాల్వర్‌తో జింకను కొట్టాలంటే ఒహాయోలో బ్యారెల్ కనీసం అయిదంగుళాలు ఉండాలి, తూటా .357కు తగ్గకూడదు. టెక్సాస్ ఉదారమైనది, .22 లాంటి రిమ్‌ఫైర్ (అంచున దెబ్బకు పేలే) తూటాలు తప్ప తక్కినవి నీ ఇష్టం అంటుంది. నా దృష్టిలో మకుటాయమానం మాత్రం ఇండియానా. అక్కడి వేట నిబంధన ప్రకారం పిస్తోలు తూటా కేసు, గుండు లేకుండా, కనీసం 1.16 అంగుళాల పొడవు ఉండాలి. పాపం .38 స్పెషల్ కేసు పొడవు 1.155. అంగుళంలో వెయ్యో వంతులు అయిదు తక్కువ! ఒక్క మార్కుతో సీటు పోగొట్టుకున్న ప్రతి తెలుగువాడూ ఇండియానా వైపు తిరిగి ఒక నిమిషం మౌనం పాటించాలి.

మరి గురి సాధన? ఇక్కడ .357 వర్గం చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉంది. ఆ రివాల్వర్‌లో చవకైన, మెత్తని .38 స్పెషల్ కూడా పేల్చవచ్చు. శని, ఆదివారాలు .38, వేటకు .357. పట్నంలో ఒక మాట, పల్లెలో ఒక మాట. ".44 వాళ్లం మేమూ .44 స్పెషల్ పేల్చవచ్చుగా" అని రెండోవారు అంటారు గానీ, ఆ పెట్టె ధర చూశాక గొంతు తగ్గిస్తారు. అయితే .38లు తెగ పేల్చినవాడికి ఒక శిక్ష ఉంది. కేసు పొట్టి కాబట్టి, తూటాలు పట్టే సిలిండర్ గదిలో దాని మూతి ఆగే చోట మసి ఉంగరంలా పేరుకుపోతుంది. ఆ తరువాత పొడుగాటి .357 తూటా తోస్తే సగంలో ఇరుక్కుంటుంది. ఇత్తడి బ్రష్షు పట్టుకుని గదులన్నీ తోముతూ కూర్చున్న .357వాడిని చూడటం .44వాడి జీవితంలోని కొద్దిపాటి సంతోషాల్లో ఒకటి.

ఇర్వింగ్ దగ్గరి ఒక షూటింగ్ రేంజ్‌లో కొత్తవాళ్లకు నేర్పే తెల్లజుట్టు టెక్సాస్ పెద్దాయన ఒకరున్నారు. ఈ చర్చలో ఎన్నడూ పాల్గొనరు, అందుకే ఆయన మీద మనవాళ్లకు గౌరవం తక్కువ. మా మిత్రుడొకరు కొత్త .44 పట్టుకుని వెళ్లారు. పెద్దాయన దాన్ని తీసుకుని, వెనక్కి తిరిగి, సిలిండర్‌లో కొన్ని గదుల్లో తూటాలు, కొన్నిటిలో పేలిపోయిన ఖాళీ కేసులు పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పకుండా మూసి ఇచ్చారు. మిత్రుడు చెవులకు కప్పులు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కారు. టక్. ఖాళీ కేసు. తుపాకి తన్నలేదు, చప్పుడు లేదు. అయినా దాని మూతి ఒక్కసారి కిందికి పడిపోయింది, మిత్రుడి కళ్లు రెండూ మూసుకుపోయాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. జరగని పేలుడుకు ఆయన ఒళ్లంతా ముందే భయపడింది. పెద్దాయన ఏమీ అనలేదు. బెంచీ మీద .22 రివాల్వర్ ఒకటి పెట్టి, కొన్నాళ్లు దీంతో కాల్చమన్నట్టు వేలితో చూపించారు.

"చూశారా అన్నా, ఈ .44 నా చేతికి పడలేదు. .41 చూడాలేమో" అన్నారు మిత్రుడు కారెక్కుతూ.

చేతికి పడనిది తుపాకి కాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలాంటి మాటలు చర్చను చంపేస్తాయి. ముసలి వేటగాళ్లలో ఆ దుర్గుణం మెండు. వాళ్లు తొమ్మిదంగుళాల కాగితపు పళ్లెం ఒకటి చెట్టుకు కొట్టమంటారు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే. ఎంత దూరం నుంచి నీ తూటాలన్నీ ఆ పళ్లెంలో పడతాయో అంతే నీ దూరం, అది దాటి కాల్చకు అంటారు. యాభై గజాల లోపు, మంచి గుండుతో .357 చాలు, .44 అయితే ఇంకాస్త వెసులుబాటు, తడబడే చేతికి మాత్రం ఏదీ చాలదు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఇలాంటివాళ్లను సభలకు పిలవకూడదు. మొన్న ఉగాది విందులో పులిహోర తిన్న పళ్లేన్నే పదిహేను గజాల్లో పెట్టి కాల్చితే మన వర్గనాయకులిద్దరి తూటాలూ వెనకనున్న మట్టిగట్టును తీవ్రంగా గాయపరిచాయని వినికిడి. పులిహోర మరక ఎక్కడున్నది అక్కడే ఉందట.

అయినా జింక ఆయుష్షుకు మన పంచాంగమే పెద్ద అండ. టెక్సాస్‌లో తెల్లతోక జింకల సాధారణ వేట కాలం నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. చాలా ఏళ్లు అది కార్తీకమాసం. పైగా శనివారం. సగంమంది మాంసం ముట్టరు, మిగతా సగంమంది ఇంట్లో వాళ్లు ముట్టనివ్వరు. అడవికి వెళ్లడమంటూ జరిగితే అది వనభోజనాలకే. ఉసిరి చెట్టు లేకపోతే ఓక్ చెట్టు కింద పనస పొట్టు కూర, బూరెలు. ఆ వాసనకు జింకలే దగ్గరకొచ్చి చూసిపోయే అవకాశం ఉంది.

మాసం గడిచి ఎవరైనా నిజంగానే జింకను కొట్టారనుకుందాం. ఆ తరువాతి అధ్యాయం ఈ చర్చల్లో ఎక్కడా వినపడదు. లైసెన్సుతో వచ్చిన చీటీ మీద నెల, తేదీ కత్తిరించి జింకకు కట్టాలి. పొట్ట చీల్చి పేగులు తీయాలి, ఆలస్యమైతే మాంసం చెడుతుంది. దాదాపు మనిషి బరువున్న జంతువును బండి దాకా ఈడ్చాలి. దానికి ఏ క్యాలిబర్ కత్తి కావాలని ఒక సభలో అమాయకంగా అడిగాను. కాసేపు నిశ్శబ్దం తరువాత అందరూ .44 వెనక్కి తన్నే తీరు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మన ప్రాంతంలో జింకను నిజంగా పడగొట్టిన తెలుగువారు ఉన్నారు. నవంబరు రాత్రి హైవే మీద, టయోటా క్యామ్రీతో. బీమా కంపెనీవాడు సవాలక్ష అడిగాడు గానీ క్యాలిబర్ అడగలేదు.

ఇప్పుడు మొదట్లో ఇచ్చిన మాట. 1937లో అమెరికా కాంగ్రెస్ పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం చేసింది. దాని ప్రకారం, తరువాతి సవరణలతో కలిపి, పిస్తోళ్లు, రివాల్వర్ల మీద తయారీదారు నుంచి 10 శాతం, పొడుగు తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలవుతుంది. ఆ సొమ్ము రాష్ట్రాలకు వెళుతుంది. దేనికి? ప్రధానంగా వన్యప్రాణుల సంరక్షణకు. జింకలకు అడవి, జింకల లెక్కలు, జింకల రోగాల మీద పరిశోధన. కొని వేటాడేవాడు జింకకు ఒక చేత్తో పెట్టి మరో చేత్తో తీసుకుంటాడు. క్యాలిబర్ తేలక ఏటా ఒక రివాల్వర్ మార్చి, తూటాలన్నీ మట్టిగట్టులో పోసి, కార్తీకమాసంలో ఇంటిపట్టున ఉండేవాడు పెట్టడమే గానీ తీసుకోవడం ఎరగడు. గోశాలలకు విరాళాలిచ్చే మహానుభావులను చూశాం. తనకు తెలియకుండానే జింకల శాల నడుపుతున్న ఈ దాతకు శాలువా కప్పినవారు లేరు. తెలుగు సంఘాలు ఈ లోటు తీర్చాలి. చర్చ తేలిపోయిందా, అందరూ ఒక .357, నాలుగు పెట్టెల .38 కొనుక్కుని ఊరుకుంటారు. జింక గతి ఏమిటి?

అదృష్టవశాత్తు ఆ ప్రమాదం దగ్గర్లో లేదు. మా మిత్రుడు .41 కూడా అమ్మేసి ఇప్పుడు .460కి ఆర్డరు పెట్టారు. అందులో .454 కాసుల్, .45 కోల్ట్ తూటాలు కూడా పేలుతాయి కాబట్టి ఇక ఏ చర్చా ఉండదని ఆయన వాదన. మూడు రకాలూ తలా పది పెట్టెలు తెప్పించారు, అన్నిటికీ 11 శాతం. దానికి కట్టుకునే ఒర తోలుదా, నైలానుదా, నడుముకా, ఛాతీకా అన్నది తేల్చడానికి వచ్చే ఆదివారం మా ఇంట్లో కూర్చుంటున్నాం. పెసరట్టు ఉప్మా ఉంటుంది. .44 వారికి వేరే గది కేటాయించాం.