రామప్ప ఇటుక సరే, బకెట్లో రాయి సంగతేంటి?

వరంగల్ వైపు హైస్కూళ్లలో ఉత్ప్లవనం (నీళ్లు వస్తువును పైకి నెట్టడం) పాఠం మొదలైతే రామప్ప ఇటుక మాట రావడం సహజం. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. పిల్లలు నోరెళ్లబెట్టి వింటారు. చిక్కల్లా, అది ఎందుకు తేలుతుందో అడగకుండా గర్వపడి ఊరుకోవడమే. ఇటుక నిండా సన్నటి గుల్లలు, అందుకే అంతే పరిమాణం ఉన్న నీటికన్నా తేలిక. ఇది తలకెక్కాలంటే ముందు ‘బరువైనవి మునుగుతాయి’ అన్న నమ్మకం కదలాలి. నిర్వచనం బట్టీ పడితే అది కదలదు.

దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. బకెట్ నీళ్లు, వేలాడదీసే కాటా, బకెట్ కింద పెట్టడానికి ఇంకో కాటా, దారం కట్టిన గ్రానైట్ ముక్క చాలు. కరీంనగర్ వైపు అలాంటి ముక్కలకు కొదవా? గాల్లో 540 గ్రాములు తూగిన రాయి, నీళ్లలో పూర్తిగా ముంచితే 340 దగ్గర ఆగుతుంది. చేదబావిలో బొక్కెన నీళ్లు దాటి పైకి రాగానే చేతులు లాగేస్తాయి కదా, అదే సంగతి. (ఇప్పటి పిల్లలు అమ్మమ్మనడగాలేమో!)

అసలు ప్రశ్న ఇక్కడుంది. రాయి అడుగుకు తగలకుండా వేలాడుతోంది. మరి కింది కాటా ఏం చూపిస్తుంది? చాలామంది మారదంటారు. కానీ 200 గ్రాములు పెరుగుతుంది. నీళ్లు రాయిని పైకి నెడితే, రాయి నీళ్లను అంతే బలంతో కిందికి నొక్కుతుంది. సరే, బకెట్‌ను అంచుదాకా నింపి చేస్తే? 200 గ్రాముల నీళ్లు కాటా మీద పడకుండా బయటికి పొర్లిపోతే, కింది అంకె మారదు! ఆ పొర్లిన నీళ్లు పట్టి తూస్తే, రాయికి తగ్గిన బరువెంతో వాటి బరువూ అంతే. ఆర్కిమెడీస్ సూత్రం అక్కడే ఉంది.

ఒక్క షరతు. ముంచకముందే ప్రతి ఒక్కరూ తమ ఊహ నోటుపుస్తకంలో రాయాలి. సార్ చేసి పిల్లలు చూస్తే అది గారడీ. సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచర్‌కు ఇదంతా ఒక పీరియడ్‌లో తెమలదు, రెండు ఇవ్వాల్సిందే.

రెండో పీరియడ్‌కు ఇత్తడి తాంబాలం తెమ్మనండి. ఇత్తడి సాంద్రత నీటికి ఎనిమిది రెట్ల పైమాటే, గుల్లల జవాబు ఇక్కడ పనిచేయదు. వెల్లకిలా పెడితే తేలుతుంది, నిలువుగా జారవిడిస్తే మునుగుతుంది. దాని మీద ఎంత బరువు బతుకమ్మ పేరిస్తే అంచు మునుగుతుందో పిల్లలనే ముందు లెక్క కట్టమనండి. వెడల్పు, అంచు ఎత్తు, తాంబాలం బరువు కొలిస్తే చాలు.