బట్టీ పడితే అర్థం దానంతట అదే రాదు

లెక్కల గురించి ఒక మెసేజ్ ఈ మధ్య తల్లిదండ్రుల గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. రాజోలు నుంచి పాలకొల్లు దాకా ఎవరి ఫోన్ చూసినా అదే. అందులో చెప్పేది ఇది: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కల్లో "ఎందుకు" అనేది అనవసరం, 20 ఎక్కాలు, సూత్రాలు బట్టీ పట్టించి రోజుకు 50 లెక్కలు చేయిస్తే అర్థం దానంతట అదే వస్తుంది. మన తాతలు అలాగే నేర్చుకున్నారు, చైనావాళ్ళు అలాగే పైకొచ్చారు, కాన్సెప్ట్ అంటూ కూర్చుంటే సిలబస్ అవదు, వీక్ పిల్లలకైతే అసలే వద్దు, చివరికి పరీక్షలో కావాల్సింది జవాబే. దీని కింద దండాలు పెడుతున్నవాళ్ళలో నాకు తెలిసిన టీచర్లు కూడా ఉన్నారు. నేను ఆ తరగతులకే లెక్కలు చెప్తాను కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎక్కాలు రావాలి. ఏడెనిమిదులు ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పిల్లకి భిన్నాల లెక్క సగంలోనే ఊపిరాడదు, అది నేను రోజూ చూస్తాను. సాధన కూడా కావాలి, బాగా కావాలి. నా గొడవ వాటితో కాదు, "అర్థం తర్వాత అదే వస్తుంది" అన్న మాటతో.

"చేయగా చేయగా అర్థమవుతుంది." ఎలా అవుతుందో చెప్పరు. ఏడో తరగతిలో నేను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. 800 అడుగుల తాడు ఇచ్చి చేపల చెరువుకు హద్దు వెయ్యమన్నారు. ఒకాయన 200 అడుగులు పొడవు, 200 అడుగులు వెడల్పు వేశాడు, ఇంకొకాయన 300, 100 వేశాడు. ఎవరి చెరువు పెద్దది? చుట్టుకొలత సూత్రం, వైశాల్యం సూత్రం రెండూ గడగడా అప్పజెప్పే పిల్లలే ఇక్కడ "తాడు ఒకటే కదండీ, చెరువూ ఒకటేనండి" అంటారు. గుణించి చూడమంటే ఒకటి 40,000 చదరపు అడుగులు, రెండోది 30,000. సెంటుకు 435.6 చదరపు అడుగుల చొప్పున చూస్తే మొదటిది దాదాపు 92 సెంట్లు, రెండోది 69 లోపు. అదే తాడు, 23 సెంట్ల తేడా. ఎకరాకింత అని లీజు కట్టే ఊళ్ళో పిల్లలకు ఈ తేడా ఎంత డబ్బో నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్తారు. అప్పుడు ఒక పిల్ల "మరి 390, 10 వేస్తేనండీ?" అని అడిగింది, 3,900 వచ్చింది, 9 సెంట్లు కూడా లేదు. ఆ తర్వాత క్లాసంతా తాడు మార్చకుండా చెరువును ఎంత పెద్దది చేయొచ్చో వెతకడం మొదలుపెట్టారు. 50 లెక్కలు సూత్రంలో అంకెలు పెట్టి చేసినా ఆ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే ఆ 50 లెక్కల్లోనూ ఏ సూత్రం వాడాలో పైన హెడ్డింగే చెప్పేస్తుంది.

ఇది మన ఊళ్ళ సంగతే కాదు. 1973లో అమెరికాలో ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అని పేరు పెట్టి ఒక ఆరో తరగతి కుర్రాడి గురించి రాశాడు. ఆ బడిలో ఎవరి పేపర్లు వాళ్ళు చేసుకుంటూ, జవాబుల కీతో దిద్దించుకుంటూ, 80 శాతం వస్తే తర్వాతి దానికి వెళ్ళే పద్ధతి. బెన్నీ బాగా చదివేవాళ్ళలో ఒకడని టీచర్ అనుకుంది. కూర్చోబెట్టి అడిగితే 2/10ని దశాంశంలో 1.2 అన్నాడు. రెండూ పదీ పన్నెండు, మధ్యలో చుక్క. 5/10 అంటే 1.5. 4/11 అడిగినా 1.5, 11/4 అడిగినా 1.5. ఒకటి కంటే చిన్నదీ, రెండు కంటే పెద్దదీ ఒకటే ఎలా అయ్యాయని వాడికి అనుమానమే రాలేదు, లెక్కలంటే ఎవరో తెలివైనవాళ్ళు పెట్టేసిన రూల్స్ అనే వాడి నమ్మకం. మెసేజ్‌లో చెప్పిన పద్ధతీ ఇలాంటిదే, జవాబు సరిపోతే చాలు, ఎందుకని ఎవరూ అడగరు.

"మన తాతలు అలాగే నేర్చుకున్నారు." తాతలు ఎక్కాలు అప్పజెప్పింది నిజం. కానీ వాళ్ళు ఆ ఎక్కాలను పొద్దున్న లేస్తే వాడేవాళ్ళు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి, కళ్ళంలో ధాన్యం కొలుస్తూ నేర్చుకున్న గుణకారం అది. సగంలో సగం పావు, అందులో సగం పరక, అందులో సగం వీసం. 1/16 అంటే ఏంటో చేత్తో పంచి చూసినవాళ్ళు. ఆ వాడకం తీసేసి అప్పజెప్పడం ఒక్కటే ఉంచుకుని దానికి తాతల పేరు పెట్టడం అన్యాయం. "కాన్సెప్ట్" విదేశీ ఫ్యాషన్ అనే మాట కూడా ఆ మెసేజ్‌లోనే ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని మన కవి పావులూరి మల్లన కొన్ని వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన దేశంలోనే 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, పిల్లల ఆలోచనా తీరును గణితీకరించడమే, అంటే లెక్కల పద్ధతిలో ఆలోచించేలా చేయడమే, బడి లెక్కల ముఖ్య లక్ష్యమని రాసింది. ఎక్కడి విదేశం?

"చైనావాళ్ళు బట్టీతోనే పైకొచ్చారు." ఇది నాకు చాలా కోపం తెప్పించే మాట, ఎందుకంటే నిజం సరిగ్గా దీనికి తలకిందులు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనా ప్రాథమిక టీచర్లు ఒకే లెక్క ఎలా చేస్తారో పోల్చి చూసింది, ఆ అధ్యయనం 1999లో అచ్చయింది. లెక్క: 1¾ ÷ ½. అమెరికా టీచర్లు 23 మందిలో సరిగ్గా చేసింది 9 మంది. చైనా టీచర్లు 72 మందీ సరిగ్గా చేశారు. అసలు సంగతి దాని తర్వాత ఉంది. ఈ భాగహారానికి సరిపోయే ఒక కథ లెక్క తయారు చేయమంటే చైనా టీచర్లలో చాలామంది చేశారు, అమెరికా వాళ్ళలో సరిగ్గా చేసింది ఒక్కరే. మిగతావాళ్ళలో చాలామంది "సగంతో భాగించడం" బదులు "ఇద్దరికి పంచడం" చెప్పారు. మీరూ ఇంట్లో అడిగి చూడండి. ఒకటిం ముప్పావు లీటర్ల పాలను అరలీటరు ప్యాకెట్లలో పోస్తే మూడున్నర ప్యాకెట్లు, అది 1¾ ÷ ½. అవే పాలను ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 7/8 లీటరు, అది 1¾ ÷ 2. "తిరగేసి గుణించు" అని మాత్రమే నేర్చుకున్న పిల్లకి ఏది తిరగెయ్యాలో నెల రోజుల తర్వాత గుర్తుండదు. ఒకటిం ముప్పావులో అర ఎన్నిసార్లు ఉందో చూడమని నేర్పిన పిల్లకి జవాబు 7/8 వస్తే, అరతో భాగిస్తే పెరగాలి కదా తగ్గిందేంటి అని తనకే తెలుస్తుంది.

"సిలబస్ అవదు." అవుతుంది. సమాంతర చతుర్భుజం ఒక చివర త్రిభుజం కత్తిరించి రెండో చివర అతికిస్తే దీర్ఘచతురస్రం. త్రిభుజం దానిలో సగం. ఒకేలాంటి రెండు సమలంబ చతుర్భుజాలు ఒకటి తిరగేసి పక్కన పెడితే మళ్ళీ సమాంతర చతుర్భుజం. కత్తెర, పాత కాలెండర్ కాగితాలు ఉంటే చాలు, విడివిడిగా బట్టీ పట్టాల్సిన సూత్రాలు ఒక్క ఆలోచన కిందకి వచ్చేస్తాయి. టైమ్ నిజంగా ఎక్కడ పోతోందంటే, ఆరులో చెప్పిన భిన్నాలు ఏడులో మళ్ళీ మొదటి నుంచి, ఎనిమిదిలో మళ్ళీ మొదటి నుంచి చెప్పడంలో పోతోంది.

"వీక్ పిల్లలకు ట్రిక్కులే దిక్కు." నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది ఈ మాట. ట్రిక్కుల వల్ల ఎక్కువ దెబ్బతినేది వీళ్ళే, ఎందుకంటే తెలివైన పిల్లలు ఎలాగో ఒకలా కారణం వెతుక్కుంటారు, వీళ్ళు మనం చెప్పిందే పట్టుకుంటారు. "మైనస్ మైనస్ ప్లస్" అని చెప్పి వదిలేస్తే –3 – 4 కి +7 అని రాస్తారు. మనం చెప్పిన రూలే కదా వాడారు! మూడు రూపాయలు అప్పున్నవాడు ఇంకో నాలుగు అప్పు చేస్తే ఏమైందో అడగండి, ఏడు అప్పు అని వెంటనే చెప్తారు. దశాంశాలూ అంతే. వరదల టైమ్‌లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి అని గోదావరి లంకల పిల్లలందరికీ తెలుసు. నీళ్ళు 11.8కి వచ్చాయి, హెచ్చరిక ఇవ్వాలా వద్దా అని అడిగితే క్లాసులో చాలామంది "ఇంకా రాలేదండి, 75 కంటే 8 చిన్నది కదండీ" అంటారు. బోర్డు మీద నిలువుగా బ్యారేజీ కొలబద్ద గీసి, 11కీ 12కీ మధ్య పది భాగాలు చేసి, 7కీ 8కీ మధ్య మళ్ళీ పది చేసి, 11.75 ఎక్కడుందో వాళ్ళ చేతే గీయిస్తే "అమ్మో దాటేసిందండి" అనేది వెనక బెంచీలో కూర్చునే పిల్లాడే. వాడికి అర్థం అక్కర్లేదని ఎవరు తేల్చారు? పోనీ ఇన్నేళ్ళుగా ట్రిక్కులు చెప్పి సాధించిందేంటి? పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో కొలిచే ఏసర్ సర్వేలో, 2023లో, 14 నుంచి 18 ఏళ్ళ గ్రామీణ పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43 శాతం మంది. బట్టీ మన బళ్ళలో తక్కువై ఈ గతి పట్టలేదు.

"పరీక్షలో కావాల్సింది జవాబే." పరీక్షలో కాస్త మెలిక పెట్టి అడిగితే బట్టీ పిల్లలు ఆగిపోతారన్నది పేపర్లు దిద్దే ప్రతి టీచర్‌కీ తెలుసు, దాన్ని సాగదీయను. పరీక్ష బయట సంగతి చెప్తాను. బారువడ్డీకి పీటీఆర్ బై వంద, అంటే అసలు, కాలం, రేటు గుణించి వందతో భాగించడం, అని అందరూ నేర్చుకుంటారు. ఇప్పుడు 50,000 అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడేళ్ళు అని ఇవ్వండి. సూత్రంలో 2, 3 పెట్టేసి 3,000 అని రాస్తారు, టక్కున. మన ఊళ్ళో నూటికి రెండంటే నెలకు రెండు. నెలకు 1,000, మూడేళ్ళకు 36 నెలలు, వడ్డీ 36,000. ఆర్ అంటే ఏ కాలానికి రేటో, టీ అదే కాలంలో ఎందుకుండాలో తెలియకపోతే సూత్రం తప్పు చెప్పదు, పిల్లాడు తప్పుగా వాడతాడు, పైగా సరిగ్గానే చేశానని నమ్ముతాడు. ఈ లెక్క ఇచ్చిన మర్నాడు ఏడో తరగతి పిల్ల ఇంట్లో ఉన్న ప్రామిసరీ నోటు లెక్క పుస్తకంలో రాసుకొచ్చి, "మా అమ్మ ఇప్పటికే అసలు కంటే ఎక్కువ కట్టేసిందండి, ఇది కరెక్టేనా చూడండి" అని అడిగింది. ఇద్దరం కూర్చుని నెల నెలా వేసి చూశాం. పిల్ల వేసిన లెక్క కరెక్టే.