చక్రం పడవకి న్యాయం జరగాలి

దేశంలో ఇన్ని సమస్యల మీద ఇంతమంది గొంతు చించుకుంటున్నారు కదా, 1845లో చక్రం పడవకి జరిగిన అన్యాయం గురించి మాత్రం ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పడు. బ్రిటిష్ నేవీ వాళ్లు రాట్లర్ అనే స్క్రూ ఓడకీ (వెనకాల నీళ్లలో ఫ్యాన్ రెక్కల్లాంటిది తిరిగేది) అలెక్టో అనే ప్యాడిల్ వీల్ ఓడకీ (పక్కన తెడ్ల చక్రాలు తిరిగేది, అదే మన చక్రం పడవ) తాడు కట్టి లాగుడు పందెం పెట్టారు, పాపం అలెక్టో చక్రాలు ఫుల్లుగా తిరుగుతుండగానే రాట్లర్ దాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. ఇంకో సంగతి, ఆ పందానికి ముందే నేవీ స్క్రూ ఓడలు ఆర్డరిచ్చేసుకుంది, అంటే పెళ్లయ్యాక పెళ్లిచూపులన్నమాట. ఓ బుల్లి చక్రం పడవ చేసి ఆ తప్పు సరిదిద్దే బాధ్యత కూకట్‌పల్లిలో మా బాత్రూమ్‌ నీలం టబ్బు సాక్షిగా నేను తీసుకున్నాను, ఎవరూ అడక్కపోయినా.

ఎంతవుద్దండీ అని మా ఆవిడ అడిగితే ఫ్రీ అన్నాను. ఇంట్లోనే త్రీడీ ప్రింటర్‌లో (ప్లాస్టిక్ కరిగించి వస్తువులు పోతపోసే మెషీన్) ప్రింట్ చేసుకుంటే ఖర్చేముంది? ప్రింటర్ రేటు ఇందులోకి రాదు, అది పెట్టుబడి.

కోఠీ వెళ్లి చక్రాలు తిప్పడానికి 9 గ్రాముల సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే బుల్లి మోటార్లు) రెండు తెచ్చా, పక్కకొకటి. సర్వో ఎంత క్రమశిక్షణ గల జీవి అంటే 180 డిగ్రీలు దాటి ఒక్క అడుగు వెయ్యదు. దాన్ని గుండ్రంగా తిప్పాలంటే అడుగున నాలుగు స్క్రూలు విప్పి, గేరు మీద అడ్డుపడే బుడిపెని నెయిల్ కట్టర్‌తో కొరికి, లోపలి పొటెన్షియోమీటర్ (ఎంత తిరిగిందో దానికి చెప్పే భాగం) పీకేసి అక్కడ రెండు సమానమైన రెసిస్టర్లు (కరెంటుకి అడ్డుపడే బుల్లి ముక్కలు) అతకాలి. ఇక అప్పట్నుంచి తనెక్కడుందో దానికే తెలీదు, ఎప్పుడు చూసుకున్నా సరిగ్గా మధ్యలోనే ఉన్నాననుకుని తిరుగుతూనే ఉంటుంది (పార్టీలు మారేవాళ్లలో ఈ లక్షణం చూశాం). 1.5 మిల్లీసెకన్ల పల్స్ (మధ్యలో ఉండమని చెప్పే కరెంటు సంకేతం) ఇస్తే ఆగాలి. కుడిది ఆగింది. ఎడమది ఆగినట్టే ఆగి మనం తల తిప్పగానే మెల్లిగా పాకుతుంది, రెండు రెసిస్టర్లూ అచ్చం సమానం కావు మరి, అన్నదమ్ముల వాటాల్లాగ.

పడవ బాడీ 0.2 మిల్లీమీటర్ల పొర మీద పొర పేర్చుకుంటూ రాత్రంతా ప్రింటయింది, చూస్తే శిల్పం, నీళ్లలో పెడితే జల్లెడ. ప్రింటర్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ నీళ్ల కంటే బరువు, లోపల గాలి ఉన్నంతసేపే దాని బతుకు. ఎపాక్సీ జిగురు రెండు కోటింగులు పూస్తే లీకు తగ్గింది, ఆగలేదు.

చక్రాలు ఎంత మునిగితే అంత ఊపు అనుకుని సగానికి ముంచి పెట్టా, అదీ నా ఇంజినీరింగ్. తెడ్లు నీళ్లని వెనక్కి నెట్టడం మానేసి పైకి ఎత్తి పడవలోకే పోస్తున్నాయి, పడవ ఉన్నచోటే ఉండి తలంటు పోసుకుంటోంది. చక్రం ఇరుసు పైకి జరిపి అడుగు తెడ్డు ఒక్కటే మునిగేలా పెట్టాక టబ్బు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లింది. ఒక చక్రం ముందుకి, ఒకటి వెనక్కి తిప్పితే ఉన్నచోటే గిర్రున తిరిగింది కూడా, ఇది మీ స్క్రూ ఓడ చేస్తుందా, చెయ్యమనండి చూద్దాం! నేను కళ్లు తుడుచుకుంటుంటే మా ఆవిడొచ్చి "ఏవండీ, బట్టలు నానబెట్టాలి, మీ నేవీని కాస్త తీస్తారా" అంది. చరిత్రని అవమానించడం అంటే ఇదే.

వినాయక చవితికి మాత్రం పిలుపొచ్చింది. జానెడు మట్టి వినాయకుణ్ణి అదే టబ్బులో నిమజ్జనం చెయ్యాలి, నడిమధ్యకి తీసుకెళ్లే భాగ్యం నా పడవకి దక్కింది. అమ్మ హారతిచ్చింది, పిల్లలు మోరియా అన్నారు, స్వామి బయల్దేరాడు. సగం దూరం సాఫీగా వెళ్లాక ఆగమని పల్స్ ఇచ్చా, కుడిది ఆగింది, ఎడమది ఆగలేదు, పడవ పక్కకి తిరిగి ఒరిగి స్వామితో సహా అడుక్కి వెళ్లిపోయింది.

"ఇన్నాళ్లకి నీ పడవ ఒక పనికొచ్చిందిరా" అంది అమ్మ.

నేను టబ్బులోకి వంగి చూశా. మట్టి కరిగి నీళ్లు మసకబారుతున్నాయి, అడుగున ఆ ఎడమ చక్రం ఇంకా పాకుతూనే ఉంది.