వేరు కుంపట్లు కలపకండి బాబూ

మా ఆఫీసులో ఈ మధ్య ఒక ఘోరం తలపెట్టారు. పదిహేనేళ్లుగా మేం మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాం. గుంటూరు షాపుకని ఒకటి రాశాం. దాన్నే కాపీ కొట్టి, పేరు మార్చి ఖమ్మానికి ఇచ్చాం. ఖమ్మందాన్ని కాపీ కొట్టి విజయనగరానికి. అలా ఇప్పటికి పదిహేడయ్యాయి. పుట్టిల్లు ఒకటే, ఎవరి కుంపటి వాళ్లది. వీటన్నిటినీ కలిపి 'సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ లైన్' చేస్తారట. అందరికీ పనికొచ్చే కోడ్ ఒక్కచోటే ఉంటుందట. ఎవరికి ఏ ఫీచర్ కావాలో టిక్కు పెడితే చాలు, ఒకే పిండితో ఉల్లి అట్టు, కారం అట్టు పోసినట్టు ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లకు వచ్చేస్తుందట.

బాధ్యత గల ఉద్యోగిగా దీన్ని ఖండిస్తున్నాను.

కాపీ కొట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ తర్వాత దొరికే పని మాత్రం తరగనిది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. మా జిల్లాల జాబితా పదిహేడు చోట్ల ఉంటుంది కాబట్టి అందరికీ చేతినిండా పని. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, ఆ నెలంతా ఆఫీసులోనే పడక. 2019లో తెలంగాణ జిల్లాలు 33 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసింది. ప్రభుత్వాలు మా మీద ఇంత దయ చూపిస్తుంటే, ఒక్కచోట మార్చి ఇంటికెళ్లిపోదాం అనడం కృతఘ్నత కాదా? మొన్న 2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. పదహారు కాపీల్లో మార్చాం. పదిహేడోది ఇంకొకరు మార్చి ఉంటారని అందరం అనుకున్నాం. ఆ షాపాయన ఫోన్‌లో మాట్లాడిన తెలుగు ఏ నిఘంటువులోనూ లేదు.

కలపాలనేవాళ్లు చరిత్ర చెబుతారు. ఒకే కుటుంబానికి చెందిన ప్రోగ్రాములు రాసేటప్పుడు ముందు ఉమ్మడి సంగతులు చూసుకుని, తేడాల జోలికి ఆ తర్వాతే వెళ్లాలని డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1976లోనే రాశాడు. నిజమే, మనకు యాభై ఏళ్లే కదా ఆలస్యమైంది. స్వీడన్‌లో సెల్సియస్‌టెక్ అనే సంస్థ ఉండేది. 1985లో దానికి స్వీడన్, డెన్మార్క్ నౌకాదళాల నుంచి ఒకేసారి రెండు పెద్ద ఆర్డర్లు వచ్చాయి. రెండింటినీ విడివిడిగా చేసే ఓపిక లేక యుద్ధనౌకలన్నిటికీ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ కుటుంబం కట్టుకుంది. మొత్తం ఖర్చులో 65 శాతంగా ఉన్న సాఫ్ట్‌వేర్ వాటా 20కి దిగింది. ఇందులో వాళ్ల గొప్పేముంది? రెండు ఆర్డర్లు ఒకేసారి నెత్తిన పడితే ఎవరికైనా బుద్ధి వస్తుంది. మాకు మాత్రం ఒక్కొక్కటే, మర్యాదగా, నెలల తేడాతో వచ్చాయి. పదిహేడు కాపీలు చేద్దామని మేం ఏ రోజూ అనుకోలేదు. అనుకున్నది ప్రతిసారీ ఒక్కటే.

పైగా టిక్కులంటే తమాషా కాదు. ఉన్నా లేకున్నా నడిచే ఫీచర్లు 33 ఉన్నాయనుకోండి, ఒక్కో టిక్కుకూ రెట్టింపవుతూ దాదాపు 859 కోట్ల రకాల సాఫ్ట్‌వేర్ వస్తుంది. భూమ్మీద ఉన్న మనిషికొకటి పంచినా ఇంకా మిగులుతాయి. మా టెస్టింగ్ అమ్మాయి ఒక్కతే, సంక్రాంతి దాకా సెలవులో ఉంది.

అయినా వినలేదు. ఏది ఉమ్మడో ఏది వేరో తేలుద్దామని పదిహేడు కాపీలనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. గుంటూరు కాపీలో బిల్లు ప్రింటయ్యే ముందు మూడు సెకన్లు ఊరికే ఆగే లైను ఒకటి బయటపడింది. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇది బగ్గా, ఫీచరా అని రెండు రోజులు మీటింగ్. రాసిన కుర్రాడు ఎప్పుడో మానేసి డల్లాస్ వెళ్లిపోయాడు. వాట్సాప్‌లో అడిగితే "అన్నా, ఆ కంపెనీ ఇంకా ఉందా?" అని జవాబు. చివరికి పాత మెయిళ్లు తవ్వితే తెలిసింది, అప్పట్లో షాపులో ఉన్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ అందుకోలేకపోతోందని ఆ మూడు సెకన్లు పెట్టాడట. ఆ ప్రింటర్‌ను పాత సామాన్లవాడికి వేసి తొమ్మిదేళ్లయింది.

హమ్మయ్య, ఒక తేడా తగ్గిందని ఆ లైను తీసేశారు. మర్నాడు పొద్దున్నే గుంటూరు నుంచి ఫోన్.

"ఏవయ్యా, బిల్లు అలా టక్కున వచ్చేస్తే చిల్లర ఎప్పుడు లెక్కపెట్టుకోవాలి?"

దాంతో అది ఫీచర్ల పట్టికలోకి ఎక్కింది. పేరు 'చిల్లర విరామం', టిక్కు పెడితే వస్తుంది, లేకపోతే లేదు. ఈ సంగతి విజయనగరం వాళ్లకు ఎలా తెలిసిందో ఏమో, తమకూ కావాలంటున్నారు. వాళ్లకు మూడు చాలవట, అయిదు సెకన్లు అడుగుతున్నారు.