ఆ అబ్బాయి పక్కన ఖాళీ కుర్చీలు

మొన్న ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక భోజనాల దగ్గర జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. మన సంఘం సంక్రాంతి ఖర్చుల లెక్కలు చూపించమని సర్వసభ్య సమావేశంలో అడిగిన అబ్బాయి ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చుంటే, అటు రెండు ఇటు రెండు కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. పులిహోరలో పల్లీలు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ అతను తల ఎత్తలేదు. పాత ఊళ్లో సంఘం డబ్బులు తినేశాడని అప్పటికి వారం నుంచి వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతోంది. నిజమా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, వేరే టేబుల్‌కి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంగ్లీషు రచయిత విలియం గాడ్విన్ నవల 'కేలబ్ విలియమ్స్' మళ్లీ తీశాను. 1794 నాటిది. ఫాక్లాండ్ ఊరంతా దండం పెట్టే జమీందారు. తనను నలుగురిలో కొట్టిన టిరెల్‌ను చీకట్లో వెనకనుంచి పొడిచి చంపాడు. ఆ నేరానికి హాకిన్స్ తండ్రీకొడుకుల్ని ఉరి తీస్తుంటే పరువు కోసం నోరు మెదపలేదు. ఆ గుట్టు పసిగట్టిన తన సెక్రటరీ కేలబ్ మీద దొంగతనం మోపి జైలుకు పంపించాడు, తప్పించుకుంటే ఊరూరా వెంటాడమని మనిషిని పెట్టాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం లారా. వేల్స్‌లో కేలబ్‌ను సొంత మనిషిలా చూసుకున్న ఇల్లాలు, చాలా మంచిది. అతని మీద అచ్చేసిన కథ చేతికి రాగానే మొహం తిప్పేసుకుంది, చెప్పుకుంటానన్నా వినలేదు.

మన ఊళ్లలోనూ రచ్చబండ దగ్గర పుట్టిన మాట సాయంత్రానికి ఊరంతా పాకేది, కాదనను. కానీ మా తాతయ్య నిందపడ్డవాడి గడప తొక్కి "ఏరా, నిజమేనా?" అని మొహం మీదే అడిగేవాడు.

కమిటీ వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ అర్ధరాత్రి దాకా హాల్లో కుర్చీలు సర్దుతారు, లెక్కల్లో తప్పుందని నేననడం లేదు. నవల చివర్లో కేలబ్ ఫిర్యాదు మీద నడవలేని ఫాక్లాండ్‌ను న్యాయాధికారి ముందుకు కుర్చీలో మోసుకొస్తారు. నేరం ఒప్పుకుని, కేలబ్‌ను కౌగిలించుకుని, మూడు రోజుల్లో పోతాడు. గెలిచిన కేలబ్ తానే ఆయన్ని చంపానని కుమిలిపోతాడు. మన దగ్గర అంతదాకా రానివ్వకండి, దయచేసి దసరా లోపే రసీదులు అందరి ముందూ పెట్టండి, ఆ మెసేజ్ పంపినవాళ్లు ఆధారం చూపించండి, లేదంటే తీసేయండి.

ఈ శనివారం నేను వాళ్లింటికి వెళ్తున్నాను. ముందు క్షమాపణ చెప్పి, ఆ తర్వాత ఆ మాట నిజమేనా అని అతన్నే అడుగుతాను.